బంగాడు పతకం

జూన్ 6
హాస్టలు, కిటికీ పక్క మంచం

అత్తా,

ఇక్కడ నేను క్షేమం. వ్యాకరణమే క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోను చేద్దామంటే నీకు సగం వినపడదు. వినపడని ఆ సగాన్ని మావయ్య బస్సుల ప్రకటన చదివినట్టు చదువుతాడు: "దయచేసి వినండి, మీ మేనకోడలికి జలుబు చేసినది." డిపోలో మైకు దగ్గర ఉద్యోగం చేస్తే మాత్రం ఆ గొంతు ఇంటికి కూడా మోసుకురావాలా? పోనీ మెసేజి పెడితే నువ్వు "సరే" అని ఒక్క ముక్క పంపి ఊరుకుంటావు. కాగితం మీదే నువ్వు నోరు విప్పుతావు.

పోయిన సెలవుల్లో మీ వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టి నన్ను విజ్ఞాన సర్వస్వంలో చేర్పించావు గుర్తుందా? "ఇది ఎవరి సొత్తూ కాదే. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, జీతం మాత్రం ఎవరికీ లేదు" అన్నావు. అప్పటి నుంచి లెక్కల పుస్తకం తెరిచినా నా చెయ్యి అటే పోతోంది. నువ్వు పెట్టిన ముద్దుపేరే అక్కడా పెట్టుకున్నాను, కామా అని. ఫుల్‌స్టాప్ పెట్టడం రాని పిల్లకి అంతకంటే మంచి పేరేముంది? నిర్వాహకుల వరసలో నీ పేరు 'చత్వారం' అని చూసి నా రూమ్మేటు మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. కళ్ళద్దాల దుకాణంలో చూపు కొలిచే మనిషి ఇంకేం పేరు పెట్టుకుంటుందని నేను నిన్ను వెనకేసుకొచ్చాను.

ఇక అసలు సంగతి. నిన్న అక్కడ ఆనకట్ట ఇంజినీరు వ్యాసం చదివాను. చాలా బాగా రాశారు. అందులో మూడు వాక్యాలు పక్కపక్కన ఇలా ఉన్నాయి:

"ఆయన ఆనకట్టకు నమూనా గీశారు. లెక్కలన్నీ ఆయన సహోద్యోగిని, ఒక గణిత నిపుణురాలు కట్టింది. మొదటి వరదకు ఆనకట్ట చెక్కుచెదరకుండా నిలబడింది."

గీశారు. కట్టింది. నిలబడింది. పైకి చదివి చూడు అత్తా. ఆయనకి ఒక క్రియ. ఆవిడకీ గోడకీ కలిపి ఒక క్రియ!

ఇన్నాళ్ళూ ఈ భాషే మాట్లాడుతూ నేను దీన్ని ఎలా గమనించలేదు? మగవాడికి మర్యాద తీసేస్తే 'వచ్చాడు' అవుతుంది. కనీసం మనిషిగా మిగులుతాడు. ఆడమనిషికి తీసేస్తే 'వచ్చింది'. పిల్లి వచ్చింది, వాన వచ్చింది, బస్సు వచ్చింది, లెక్కల మేడం వచ్చింది. నిన్నంతా ఈ మాటే అందరికీ చెబుతూ తిరిగాను. రూమ్మేటు "నువ్వొచ్చావు, నా నిద్ర పోయింది" అంది.

నేను ఊరుకోలేదు. 'కట్టింది' తీసి 'కట్టారు' అని పెట్టాను. పొద్దున చూస్తే ఎవరో 'కొలబద్ద' అనే ఆయన రద్దు చేసేశాడు. "కామా గారూ, శైలి నియమం ప్రకారం వ్యాసాల్లో గౌరవ బహువచనం వాడరాదు. గమనించగలరు." గమనించగల'రు' అట! వద్దని చెప్పడానికి కూడా అదే కావలసి వచ్చింది. మరి పై వాక్యంలో ఆయన 'గీశారు' సంగతేమిటని అడిగాను. జవాబు లేదు.

సమీకరణంలో ఒక పక్క తీసినది రెండో పక్కా తీయాలని మాకు చిన్న తరగతిలోనే చెబుతారు. పెడితే అందరికీ పెట్టాలి, తీస్తే అందరికీ తీయాలి. దీన్ని నేను వదలను. నువ్వు నా పక్కనే ఉంటావని తెలుసు, అయినా ఒకసారి కాగితం మీద రాసి పంపు.

నీ,
కామా,

(చూశావా, సంతకం తర్వాత కూడా కామానే వచ్చింది.)


జూన్ 13
దుకాణం, గిరాకీ లేని మధ్యాహ్నం

కామా,

నీ ఉత్తరం కౌంటరు మీద పెట్టుకుని చదువుతుంటే ఒకాయన వచ్చి అక్షరాల పట్టిక ముందు కూర్చున్నాడు. పై నుంచి మూడో వరస చదవమంటే "మీరేమిటమ్మా నవ్వుతున్నారు, నేను తప్పు చదివానా" అని బెంగపెట్టుకున్నాడు. నీవల్ల ఒక పెద్దమనిషి తన చూపు మీద నమ్మకం పోగొట్టుకోబోయాడు.

నువ్వు చెప్పిన మూడు వాక్యాలూ నేను చాలాసార్లు చదివాను. ఆ వ్యాసంలో చుక్కలూ కామాలూ సరిచేసింది నేనే. గీశారు, కట్టింది, నిలబడింది. వీధిలో అందరి చూపూ కొలిచేదాన్ని, నాకే ఆనలేదు. నీ మాటలో తప్పు లేదు. ముందు అది రాసి, తర్వాత చీవాట్లు మొదలుపెడుతున్నాను.

అక్కడ ఒకరి ముఖం ఒకరికి కనపడదు. అందుకని మర్యాద ఇంకాస్త ఎక్కువ కావాలి. ఎవరైనా నీ మార్పు రద్దు చేస్తే మళ్ళీ అదే పెట్టకు. చర్చా పేజీకి వెళ్ళి కారణం రాయి, నాలుగు రోజులు ఆగు. అవతలి మనిషి మంచి ఉద్దేశంతోనే చేశాడనుకో. అలా అనుకోలేకపోతే ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి మళ్ళీ అనుకో. కొలబద్ద చెడ్డవాడు కాదు. పేరుకు తగ్గట్టు గీత చూస్తాడు, గీసిన చెయ్యి ఎవరిదో చూడడు. రద్దుకి రద్దు, దానికి మళ్ళీ రద్దు అంటూ పోయేవాళ్ళని, ఎవరిది ఒప్పయినా సరే, మేం వారం పాటు నిరోధిస్తాం. నిరోధమంటే ఆ వారం వాళ్ళు ఏ వ్యాసమూ ముట్టుకోలేరు.

ఇంకో మాట. ఆ ఇంజినీరు వ్యాసం జోలికి నేను చెప్పేదాకా వెళ్ళకు. దాన్ని రాసినవారు అందరూ 'పెద్దాయన' అని పిలిచే నిర్వాహకులు. మొదటి నుంచీ ఉన్నారు, సగం నియమాలు ఆయన చేతివే. ఆ ఇంజినీరంటే ఆయనకు ప్రాణం. దగ్గర కూర్చుని, నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టుకుని ఒప్పించాలి. నేను ప్రయత్నిస్తాను.

మీ మావయ్య నీ 'బస్సు వచ్చింది' విని, "బస్సుని ఏమైనా అంటే ఊరుకోను. అది వేళకి వస్తే నేను గారు కూడా కలుపుతాను" అన్నారు.

దుప్పటి సరిగా కప్పుకుంటున్నావా?

అత్త


జూన్ 14
హాస్టలు

అత్తా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈ ఉత్తరం దానికి ఎదురువెళ్తుంది, రెండూ ఎక్కడో సంచుల్లో ఒకదాన్నొకటి రాసుకుపోతాయి. నాకు ఆగడం కుదరదు.

కొలబద్ద మళ్ళీ రద్దు చేశాడు. నేను మళ్ళీ పెట్టాను. "నియమం" అన్నాడు. సరే, నియమమైతే నియమమే! గౌరవ బహువచనం వద్దంటే ఎవరికీ వద్దు. నిన్న సాయంత్రం చదువుకునే హాలులో కూర్చుని ఆ ఇంజినీరు వ్యాసం మొత్తం ఒక్క దెబ్బకి సరిచేశాను. 'వెతికి మార్చు' అని ఒక సదుపాయం ఉంది కదా. 'ఆయన' ఉన్నచోటల్లా 'అతడు' రమ్మన్నాను. ఎక్కడ 'ారు' కనపడినా అక్కడ 'ాడు' పెట్టమన్నాను. గీశారు పోయి గీశాడు, కట్టారు పోయి కట్టాడు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. అంత అందమైన పని నా జన్మలో చేయలేదు. తిరిగి చదవను కూడా లేదు, నేరుగా భోజనాల వరసకి పరిగెత్తాను.

వచ్చి చూస్తే ఎవరో రద్దు చేశారు. నేను మళ్ళీ పెట్టాను. ఇంకెవరో రద్దు చేశారు. మళ్ళీ పెట్టాను. వాళ్ళు రాసిన కారణాలు చదవలేదు, ఏం రాస్తారో నాకు తెలియదా? ఆ తర్వాత పేజీ తెరిస్తే ఎర్ర అక్షరాలు కనిపించాయి. "దుశ్చర్య కారణంగా ఈ సభ్యురాలిని వారం పాటు నిరోధించడమైనది."

కింద నిరోధించినవారి పేరు ఉంది. చత్వారం.

నువ్వా అత్తా? ఇంకెవరూ దొరకలేదా? దుశ్చర్య అంటే గోడల మీద బూతులు రాసేవాళ్ళ పని. నేను చేసింది దుశ్చర్యా?

నాకిప్పుడు అర్థమవుతోంది. నువ్వు మావయ్యని 'మీరు' అంటావు. మావయ్య నిన్ను 'ఒసేయ్' అంటాడు. వంట ఇద్దరూ కలిసే చేస్తారు, బట్టలు ఇద్దరూ కలిసే ఆరేస్తారు, పిలుపు దగ్గరకి వచ్చేసరికి ఒకరు మెట్టు మీద, ఒకరు మెట్టు కింద. ఇంట్లో అలవాటైన నియమాన్నే ఇక్కడ నా మీద వాడావు.

నేను తగ్గను. వారం తర్వాత మళ్ళీ వస్తాను.

నిరోధింపబడిన
కామా


జూన్ 21

గౌరవనీయులైన కామా గారికి,

చత్వారం వ్రాయునది ఏమనగా, మీ ఉత్తరం అందినది.

తాము ఇంజినీరు గారి వ్యాసంలో చేసిన మార్పులను తాము చదువుకోలేదని రాశారు. చదువుకోవలసిందిగా కోరుతూ కొన్నింటిని కింద ఉదహరిస్తున్నాను.

ఇంజినీరు గారికి 'బంగారు పతకం' వచ్చింది. మీరు దాన్ని 'బంగాడు పతకం' చేశారు. 'ఆయనకు' అన్నచోట 'అతడుకు' అన్నారు. నది 'సుమారు' మైలు వెడల్పు ఉండేది, మీ దయవల్ల 'సుమాడు' మైలు అయింది. ఇంజినీరు గారి 'కారు' 'కాడు' అయింది. గుత్తేదారు గుత్తేదాడు అయ్యాడు. 'కార్మికులు రాళ్ళు మోశారు' అని ఉంటే, పాపం అంతమందినీ కలిపి 'కార్మికులు రాళ్ళు మోశాడు' అన్నారు. 'వరద అంచనాలను తారుమారు చేసింది' అన్న వాక్యంలో తారుమారు కాస్తా 'తాడుమాడు' అయి కూర్చుంది. ఇలాంటి పేజీని మీరు ఒకసారి కాదు, వరసగా మళ్ళీ మళ్ళీ పెట్టారు. దీన్ని చూసినవారు దుశ్చర్య అనక ఇంకేమంటారో మీరే చెప్పండి.

పెద్దాయన గారు ఒక షరతు పెట్టారు. మహనీయుణ్ణి ఏకవచనంలో సంబోధించి అవమానించినందుకు మీరు అందరి ముందు క్షమాపణ చెప్పాలి. ఈ నెలాఖరులోగా చెప్పకపోతే మిమ్మల్ని శాశ్వతంగా నిరోధించాలని ఆయన ప్రతిపాదించారు. ఇప్పటికే పలువురు మద్దతు తెలిపారు. మీ వారం నిరోధం నిన్నటితో ముగిసింది, మీ సొంత చర్చా పేజీలో రాసుకోవచ్చు. మీ జవాబు అక్కడ పెట్టగలరు.

మీరు నా ఇంటి సంగతి కూడా ఎత్తారు. అందుకు జవాబు ఈ ఉత్తరంలో లేదు.

ఇట్లు,
చత్వారం


జూన్ 27
హాస్టలు

అత్తా,

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ మంచం ఒక చివరికి జరిగి కూర్చున్నాను. ఎవరో పెద్దవాళ్ళు గదిలోకి వచ్చారు, చోటివ్వాలి అనిపించింది. తీరా చూస్తే ఆ పెద్దవాళ్ళు నేనే. 'మీరు', 'తాము', 'కోరుతూ'. ఒక్క తిట్టు లేదు. నువ్వు నన్ను చెడామడా తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

మర్యాద ఇంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు. 'మీరు' అంటే గౌరవమనే అనుకున్నాను. గడప అవతల నిలబెట్టడం కూడా అదే మాటతో చేయొచ్చని నీ దగ్గరే నేర్చుకున్నాను. నన్ను అలా నిలబెట్టేశావు కదూ? సరే. నిలబడే మాట్లాడతాను.

'బంగాడు' సంగతి. మొదట చదివినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు ఆగలేదు. ఇప్పుడు మా అంతస్తు అంతా ఇదే భాష. రూమ్మేటు పొద్దున్నే, "ఏమే, తయాడు అయ్యావా? కాడు ఎక్కి షికాడుకి పోదామా?" అంటోంది. బదులుగా నేను ఆమెకి "సుమాడుగా" అన్నాను. దానికి అర్థమేమిటో మా ఇద్దరికీ తెలియదు.

నిన్న నా చర్చా పేజీలో ఇది పెట్టాను. నువ్వు చూసే ఉంటావు, అయినా నా చేతిరాతలో కూడా ఉండాలి:

"బంగారాన్ని బంగాడు చేసినందుకు, కారుని కాడు చేసినందుకు, కార్మికులందర్నీ ఒక్కణ్ణి చేసినందుకు క్షమించండి. చదవకుండా మార్చడం, మీరు రాసిన కారణాలు చూడకుండా మళ్ళీ మళ్ళీ పెట్టడం నా తప్పు. 'గీశారు' తీసి 'గీశాడు' పెట్టినందుకు క్షమాపణ చెప్పను. పక్క వాక్యంలో ఆవిడ 'కట్టింది' అని ఉన్నంతకాలం చెప్పను. ఆయనకి ఏకవచనం అవమానమైతే ఆవిడకి ఇన్నాళ్ళూ జరిగింది ఏమిటి? పెడితే అందరికీ పెట్టండి. తీస్తే అందరికీ తీయండి."

శాశ్వతంగా పంపేస్తారా? పంపేయండి. రేపు పొద్దున్నే వెళ్ళి ఇంకో చోట రాస్తాను. అవసరమైతే హాస్టలు నోటీసు బోర్డు మీద రాస్తాను.

(ఇది రాస్తున్నప్పుడు ఏడ్చాను. కాగితం మీద ఆ మరక అదే. సిరా కారింది అని రాయబోయి, 'కాడింది' అని రాసి, మళ్ళీ నవ్వాను.)

రాజీకి నేను ప్రయత్నించలేదనుకోకు. అసలు మనుషులకి క్రియే లేకుండా రాస్తే ఎలా ఉంటుందని ఒక సాయంత్రమంతా కూర్చుని వ్యాసం తిరగరాశాను. "నమూనా: ఇంజినీరు. లెక్కలు: గణిత నిపుణురాలు. ఫలితం: చెక్కుచెదరని ఆనకట్ట." చదివితే గోడకి దిగ్గొట్టిన రాతిపలకలా ఉంది. మర్యాద గొడవ తప్పించుకోబోయి మనుషుల్నే తప్పించేశాను. చింపేశాను.

చివరిగా మీ ఇంటి సంగతి. అది కోపంలో, నిన్ను గుచ్చడానికే రాశాను. అలా రాసినందుకు క్షమించు. కానీ అందులో ఉన్న మాటని వెనక్కి తీసుకోను. చూశావా, బంగాడుకీ గీశాడుకీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది.

ఈసారి జవాబు రాస్తే 'నువ్వు' అని రాయి. లేకపోతే రాయకు.

కామా.

(ఫుల్‌స్టాప్ పెట్టాను. నీకోసం కాదు.)


జూలై 6
ఇల్లు, వంటింటి బల్ల

ఒసే కామా,

నువ్వు, నువ్వు, నువ్వు. చాలా? ఇంకో నాలుగు రాయమంటావా?

ఫుల్‌స్టాప్ తీసెయ్. అది నీకు నప్పలేదు.

ఆ రోజు పెద్దాయన శాశ్వత నిరోధం వేయడానికి సిద్ధంగా కూర్చున్నాడు. అది ముందు పడితే తీయడం నా తరం కాదు. అందుకని నేను ముందుగా వారం వేశాను. ఎవరు ఎవరితో మళ్ళీ మళ్ళీ రద్దు ఆట ఆడినా వారమే, అది నియమం. నువ్వు నా మేనకోడలివని తగ్గించలేదు, పెంచలేదు. ఇదంతా రాసి పంపేలోపే నీ 'మీరు-ఒసేయ్' ఉత్తరం వచ్చింది. దాంతో నాకు ఒళ్ళు మండింది. నిజమైన మాటలకి ఎక్కువ మండుతుంది. నిన్ను 'మీరు' అని రాసి ఎలా ఉంటుందో చూపిద్దామనుకున్నాను. నువ్వు గడప అనుకున్నావు. నిన్ను గెంటలేదే పిచ్చిదానా, అలిగానంతే.

ఇక అక్కడ జరిగింది విను. నీ క్షమాపణ చూసి పెద్దాయన "ఇది క్షమాపణ కాదు, పొగరు" అని రాశాడు. అందరూ వరసగా తలలూపుతున్నారు. అప్పుడు ఊడిపడ్డాడు కొలబద్ద. "కామా గారి ప్రశ్నకు నేను జవాబు ఇవ్వలేదు. జవాబు లేక ఇవ్వలేదు. నియమం అందరికీ ఒకటే" అని రాసి, ఇంజినీరు వ్యాసంలో ఒక్కో క్రియా పట్టుకుని చేత్తో మార్చుకుంటూ పోయాడు. పతకం బంగారుగానే ఉంచాడు, కారు జోలికి పోలేదు. గీశాడు, చూశాడు, కట్టాడు.

పెద్దాయన రద్దు చేశాడు. కొలబద్ద కారణం రాసి ఒక్కసారి తిరిగి పెట్టి, గీత దాటకుండా చర్చా పేజీకి వెళ్ళి కూర్చున్నాడు. పెద్దాయన మాత్రం ఆగలేదు. చిన్న చిన్న దిద్దుబాట్లు చేసిన వేరేవాళ్ళవి కూడా వరసగా రద్దు చేస్తూ పోయాడు. సరిగ్గా నువ్వు చేసిన పనే, కారణాలు చదవకుండా. అందరూ ఏదో ఒక పూల మొక్క వ్యాసంలో చుక్కలు సరిచేస్తున్నట్టు నటించారు.

దుకాణంలో కూర్చుని చూస్తున్నాను. మా దగ్గర వారానికోసారి కళ్ళ డాక్టరు వస్తాడు. చూపు కొలిచేది నేను, చీటీ మీద సంతకం ఆయనది. ఆ రోజు ఒకావిడ కొత్త అద్దాలు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, పక్కనున్న కూతురితో అంది: "డాక్టరు గారు ఎంత బాగా ఇచ్చారే! ఆ అద్దాలమ్మాయి కూడా ఏదో కొలిచిందిలే." నాకు యాభై దాటాయి. ఇచ్చారు, కొలిచింది. ఆ మాట ఇన్నేళ్ళుగా వింటున్నాను. చెవుడు చెవులకే అనుకున్నాను.

కౌంటరు మీదున్న కంప్యూటరులో పెద్దాయనని నిరోధించాను. వారం. నీకు వేసినంతే. కారణం ఇలా రాశాను: "పెద్దాయన ఒకే వ్యాసంలో వరసగా రద్దులు చేశాడు." దాని కిందే ఇంకోటి కూడా రాశాను: "కామా నా తమ్ముడి కూతురు. ఆమెకీ ఇదే నియమం కింద ఇదే వారం వేశాను. బంధుత్వం అప్పుడే చెప్పి ఉండాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను. ఆమెను శాశ్వతంగా నిరోధించే ప్రతిపాదనకు నేను వ్యతిరేకం. చేసిన తప్పుకి ఆమె క్షమాపణ చెప్పింది, చేయని తప్పుకి చెప్పనక్కర్లేదు."

ఆ తర్వాత గోల గోల. నిరోధం గురించి కాదు. ఆయనని నిరోధించడం న్యాయమేనని అందరూ ఒప్పుకున్నారు. 'చేశాడు' అన్నానట! 'చేశారు' అనాలట! పాతిక మంది వచ్చి నాకు మర్యాద నేర్పారు, అందరూ గారు పెట్టి మరీ. ఇప్పుడు నా నిర్వాహక హోదా తీసేయాలని ఓటింగు జరుగుతోంది. "తప్పుకుంటే గౌరవంగా ఉంటుంది" అని ఒకాయన సలహా ఇచ్చాడు. తప్పుకోనని చెప్పాను. తీసేస్తే తీసేయనీ. నీ పక్కన మామూలు సభ్యురాలిగా కూర్చుని రాస్తాను, అప్పుడు నీ కామాలు నేను సరిచేయనక్కర్లేదు.

నీ మీద ప్రతిపాదన మాత్రం వీగిపోయింది. నువ్వు ఉన్నావు. ఎవరికీ తలవంచకుండానే ఉన్నావు.

ఇంకా ఉంది. కొలబద్ద నిన్న కొత్త ప్రతిపాదన పెట్టాడు: "కొలిచి చూశాను. తీస్తే సమానం కావడం లేదు. అతడు మనిషిగా మిగులుతున్నాడు, ఆమె గోడ అవుతోంది. కాబట్టి నియమమే మార్చి అందరికీ 'రు' పెట్టాలి. ఈ సంగతి మొదట చెప్పినది కామా గారు." 'చెప్పినది' అంటూనే పక్కన 'గారు' పెట్టాడే, చూడు! అక్కడ నీ కోసం ఎదురుచూస్తున్నారు. వెళ్ళు. మార్చేముందు చదువు. 'వెతికి మార్చు' ముట్టుకుంటే వేళ్ళు విరుస్తాను.

మన ఇంటి సంగతి. ఆ మాట ఎత్తిన నీ ఉత్తరాలు రెండూ మీ మావయ్యకి ఇచ్చాను. మొత్తం చదివాడు. బట్టలు ఆరేస్తుంటే నేనే అన్నాను: "ఆ క్లిప్పు ఇటు ఇవ్వు." ఇవ్వండి అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. తడి చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏం జరిగిందో ఆయన రాస్తానంటున్నాడు. కిందున్న గీతలు అతడివే.

నీ నువ్వు,
అత్త


కామా,

డిపోలో రోజూ మాట్లాడేవాణ్ణి, రాయడం అలవాటు తప్పింది. తప్పులుంటే దిద్దుకో, రద్దు మాత్రం చేయకు.

మీ అత్త క్లిప్పు ఇవ్వమని నన్ను అడిగారు. ఈ వాక్యంలో 'అడిగింది' అని రాసి కొట్టేశాను, పైన 'అడిగారు' అని రాశాను, చూశావు కదా. ఆ కొట్టివేత నాదే, ఆమె చెప్పింది కాదు. చెప్పారు కాదు. ఇది చాలా కష్టంగా ఉందమ్మా, ముప్పై ఏళ్ళ నాలుక.

నేను క్లిప్పు ఇచ్చి, "ఇదిగోండి" అన్నాను. ఆవిడకి వినపడలేదు. మైకు గొంతు పెట్టి మళ్ళీ అన్నాను. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. మీ అత్తగారు "అరవకు" అన్నారు.

ఇప్పుడు ఆవిడ నన్ను నువ్వు అంటున్నారు, నేను ఆవిడని మీరు అంటున్నాను. నీ సమీకరణం ఇంకా కుదరలేదు. ఇల్లంతా తాడుమాడుగా ఉంది.

ఉండనీ. ఎవరూ సరిచేయకండి.

మావయ్య